సంపాదకురాలి పేరు ఏ పుటలో ఉంది? ఇందూరు, బోధన్ ప్రాంతము నుండి తెలుగు స్త్రీల పత్రికల చరిత్రపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

తెలుగులో స్త్రీలు సంపాదకులుగా నడిపిన పత్రికల చరిత్రకు నూట ఇరవై సంవత్సరములు దాటినవి. 1902లో ఏలూరు నుండి వెలువడిన హిందూ సుందరితో ఆ చరిత్ర ఆరంభమైనట్లు పరిశోధకులు లెక్కిస్తారు. అంతకుముందు స్త్రీల కొరకు పత్రికలు లేకపోలేదు. కందుకూరి వీరేశలింగము 1883లో సతీహితబోధిని స్థాపించారు. ఆ తరువాతి దశాబ్దములో తెలుగు జనానా వచ్చింది, రాయసం వెంకటశివుడు దానిని చాలా కాలము నడిపించారు. అవి స్త్రీల కొరకు పురుషులు నడిపిన పత్రికలు. స్త్రీలకు ఏమి కావలెనో పురుషులు నిర్ణయించి ముద్రించుట ఒక పని, స్త్రీలే ఏది అచ్చు కావలెనో తేల్చుట మరొక పని. ఈ రెండింటిని ఒకే గాటన కట్టి "మహిళా పత్రికలు" అని వ్రాసే అలవాటు మన సిద్ధాంత వ్యాసములలో కూడా ఉన్నది. అది సరికాదని మా అభిప్రాయము.

ఈ వ్యాసములో మేము నిజామాబాద్ పట్టణము, బోధన్ చెరకు ప్రాంతము అనే పరిమితమైన చోట నిలబడి ఆ చరిత్రను చూడదలచాము. ప్రసిద్ధి పొందిన తొలి స్త్రీ పత్రికలు ఏలూరు, కాకినాడ, మద్రాసు పట్టణముల నుండి వచ్చినవి. అటువంటప్పుడు ఇందూరు నుండి చూడవలసిన అవసరమేమిటని చదువరులు అడుగవచ్చును. పత్రిక చరిత్ర అచ్చుయంత్రము ఉన్న ఊరితో ముగియదు. అది ఎవరి ఇంటికి చేరింది, ఎవరు చదివి వినిపించారు, చదివిన తరువాత ఎక్కడ దాచారు, ఎవరు పారవేశారు అన్నది కూడా ఆ చరిత్రలో భాగమే. ఆ రెండవ భాగమును భద్రపరచే అవకాశము గ్రంథాలయముల కంటె ఇంటింటికి వెళ్లే కాపరులకు ఎక్కువగా ఉన్నది. ఈ ప్రశ్నను వేదాంత పరిశోధన పత్రికలో ఎత్తుటకు కారణము ఇదే.

యజమాని ఒకరు, సంపాదకురాలు ఒకరు

హిందూ సుందరిని స్థాపించినవారు సత్తిరాజు సీతారామయ్య. సంపాదకత్వ బాధ్యతను మోసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మ వహించారు. తరువాతి కాలములో పత్రిక కాకినాడకు చేరింది, మాడభూషి చూడమ్మ, కళ్లేపల్లె వెంకటరమణమ్మ దానిని నడిపించారు. యాజమాన్యము పురుషునిది, సంపాదకత్వము స్త్రీలది అన్న ఈ ఏర్పాటును చూచి కొందరు, సంపాదకురాండ్ర పేర్లు అలంకారము కొరకే వేశారని తీసివేస్తారు. ఈ సందేహము పూర్తిగా నిరాధారమైనది కాదు. పురుషులు స్త్రీ నామములతో వ్రాసిన సందర్భములు కూడా తెలుగు పత్రికలలో తక్కువేమీ కాదు. అయితే ఈ సందేహమును తీర్చవలసినది ఊహ కాదు, సంచికలే. ఏ లేఖకు ఎవరు జవాబు చెప్పారు, ఏ వ్యాసము క్రింద సంపాదకీయ వ్యాఖ్య పడినది, చందాదారులను హెచ్చరించిన ప్రకటనపై ఎవరి సంతకమున్నది అని వరుసగా సంచికలు తిరగవేస్తేనే సంపాదకురాలి చేయి కనబడుతుంది. నాలుగు సంచికలు చూచి నలభై ఏండ్ల పత్రికను గూర్చి తీర్పు చెప్పలేము.

కాకినాడ నుండి సావిత్రిని నడిపిన పులుగుర్త లక్ష్మీనరసమాంబ, అనసూయను నడిపిన వింజమూరి వెంకటరత్నమ్మ ఈ తరములోని వారే. వెంకటరత్నమ్మ పేరు నేటి వారికి గుర్తుండినా, జానపద గాయనులైన వింజమూరి అనసూయాదేవి, సీతాదేవిల తల్లిగానే గుర్తుంటుంది. లక్ష్మీనరసమాంబ విషయములో మరొక చిక్కు ఉన్నది. ఆమె స్త్రీవిద్యను సమర్థించారు గాని వితంతు పునర్వివాహమును వ్యతిరేకించారు. సంస్కరణ చరిత్రలు వ్రాసిన వారికి ఆమె సౌకర్యముగా కుదరలేదు. సంపాదకురాలయిన ప్రతి స్త్రీ మనకు నచ్చిన అభిప్రాయములే కలిగి ఉండవలెనని కోరుకొంటే సగము మందిని మనమే మరచిపోతాము. భద్రపరచుట అంటే మెచ్చుకొనుట కాదు. మన సంఘ చరిత్రలలో కూడా ఈ భేదము తరచు మరుగున పడుచున్నది.

1928లో మద్రాసు నుండి డాక్టరు కె.ఎన్. కేసరి ప్రారంభించిన గృహలక్ష్మిని ఇక్కడ క్లుప్తముగా పేర్కొంటాము. అది స్త్రీ సంపాదకత్వములోని పత్రిక కాదు. అయినను కనుపర్తి వరలక్ష్మమ్మ శారద లేఖలు అందులోనే వచ్చినవి, 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణమును తొలిసారి అందుకొన్నదీ ఆమెయే. కేసరి కుటీరము వారి లోధ్ర మందు ప్రకటనలు స్త్రీల ఆరోగ్యమును గూర్చి ఆనాటి సమాజము ఎట్లు మాట్లాడినదో తెలుపుతాయి. ప్రకటనల పుటలు చరిత్ర కావని చింపివేసిన వారు ఎంత పోగొట్టినారో ఇటువంటి చోట అర్థమవుతుంది.

ఒక సంచిక మిగిలితే జరిగినది

పాత సంచిక మిగిలితే చరిత్ర ఎంత మారునో భండారు అచ్చమాంబ ఉదంతము చూపుతుంది. 1874లో జన్మించిన అచ్చమాంబ, కొమర్రాజు లక్ష్మణరావు అక్కగారు. బడికి పోలేదు, తమ్ముని చెంత ఇంటిలోనే చదువు నేర్చుకొన్నారు. 1901లో స్త్రీల జీవితచరిత్రల గ్రంథమైన అబలా సచ్చరిత్ర రత్నమాలను వెలువరించారు. 1902లో మచిలీపట్నములో బృందావన స్త్రీ సమాజమును స్థాపించారు. 1905లో, ముప్పది ఏండ్ల వయసులో మరణించారు.

తెలుగులో తొలి ఆధునిక కథ గురజాడ అప్పారావు వ్రాసిన దిద్దుబాటు అని దశాబ్దముల పాటు పాఠ్యపుస్తకములు చెప్పినవి. అది 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. అయితే 1902లోనే హిందూ సుందరిలో అచ్చమాంబ వ్రాసిన ధనత్రయోదశి, స్త్రీవిద్య అచ్చయినవి. స్త్రీవిద్య భార్యాభర్తల సంభాషణగా నడుస్తుంది. దానిని కథ అనవచ్చునా, సంభాషణ అనవలెనా అని నేటికీ విమర్శకులలో వాదము ఉన్నది. ఆ వాదమును మేము ఇక్కడ తీర్చబోవుట లేదు. మేము గమనించవలసినది, ఆ వాదము జరుగుటకు ఆధారమేమి అన్నది మాత్రమే. ఎవరో చందా కట్టి తెప్పించుకొన్న సంచిక, ఎవరో పారవేయక దాచినది. ఆ పుటలు చేతికి దొరికినందున చరిత్ర ఎనిమిది సంవత్సరములు వెనుకకు జరిగింది, ఒక స్త్రీ పేరు ముందునకు వచ్చింది. 2010లో సంగిశెట్టి శ్రీనివాస్ ఆమె కథలను సంకలనము చేశారు. భూమిక సంపాదకురాలు కొండవీటి సత్యవతి ఆమె జీవితచరిత్ర వ్రాశారు. నూరేండ్ల నాటి స్త్రీల పత్రికలోని రచయిత్రిని గూర్చి 1993లో హైదరాబాదులో ప్రారంభమైన స్త్రీల పత్రిక సంపాదకురాలే పుస్తకము వ్రాయుట యాదృచ్ఛికమని మేము అనుకొనము.

ఇందులో గమనింపదగిన మరొక సంగతి ఉన్నది. అచ్చమాంబ తానే స్త్రీల చరిత్రలను వెదకి కూర్చినారు. ఆ పని చేసిన ఆమె చరిత్రనే మరొకరు వెదకి కూర్చవలసి వచ్చింది.

క్రైస్తవ స్త్రీల పత్రికలు, "అమ్మగారు" అనే మాట

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకము చివరలో మద్రాసు నుండి క్రైస్తవ సాహిత్య సంస్థల ఆధ్వర్యమున తెలుగు స్త్రీల కొరకు వివేకవతి అనే మాసపత్రిక ఆరంభమైనది. ఆరోగ్యము, శిశుపోషణ, ఇంటి నిర్వహణ, నీతి ఇందులో చోటు చేసుకొన్నవి. సాహిత్య చరిత్రకారులు దానిని మిషనరీల పత్రిక అని ఒక వాక్యములో దాటివేస్తారు. సంఘ చరిత్రకారులు దానిని సువార్త సాధనముగా మాత్రమే చూస్తారు. ఈ రెండు చూపుల మధ్య, ఆ పత్రికకు తెలుగు వ్రాసి పెట్టిన స్త్రీలు ఎవరన్న ప్రశ్న జారిపోయినది. విదేశ మిషనరీ పేరుతో వచ్చిన తెలుగు వ్యాసము చాల సందర్భములలో మున్షీలు, ఉపాధ్యాయినులు, బైబిలు స్త్రీలు పడిన శ్రమ. మిషను నివేదికలలో వారు "మన బైబిలు స్త్రీ" అని మాత్రమే కనబడుట ఆ నివేదికలు చదివిన వారందరికి తెలిసినదే.

నిజామాబాద్ జిల్లాలో ఈ ప్రశ్న మరింత దగ్గరగా వస్తుంది. ఈ ప్రాంతము వెస్లియన్ మెథడిస్టు మిషను పరిచర్యలో ఉండి, దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన 1947 నుండి మెదక్ అధ్యక్ష మండలములో భాగమైనది. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిని జార్జి కెర్, ఆయన భార్య డాక్టరు ఇసబెల్ కెర్ స్థాపించారు. 1915లో అది ప్రారంభమైనది, రాజా నర్సాగౌడ్ ధనసహాయము చేశారు. ఇసబెల్ కెర్‌కు 1923లో కైసర్-ఇ-హింద్ పతకము లభించింది. ఆమె పేరు జీవితచరిత్ర కోశములలో ఉన్నది. ఆమె పక్కన నిలిచి రోగులతో తెలుగులో మాట్లాడిన స్త్రీల పేర్లకు ఏ కోశములోను చోటు దొరకలేదు. వెస్లియన్ మిషను కాగితములు నేడు లండనులోని సోయాస్ గ్రంథాలయములో ఉన్నవి. అక్కడి కాగితము పంపినవారి మాట చెప్పును, ఇక్కడి మాట చెప్పవలసినది ఇక్కడి కాగితమే.

ఆ కాగితము ఏది? స్త్రీల మైత్రి వార్షిక సంచికలు, జూబిలీ సావనీర్లు, చేతివ్రాత పత్రికలు, సైక్లోస్టైలు చేసిన పాఠముల పుస్తకములు. వీటిని పత్రికలుగా లెక్కించవచ్చునా అని కొందరు సంశయిస్తారు. రచనలను పిలిచి, ఏరి, సవరించి, వరుసపరచి, అచ్చునకు పంపినవారు సంపాదకులే. ముఖపత్రముపై బిరుదు ఉండుట, లేకపోవుట రెండవ విషయము. మన సంఘములలో కాపరిని అయ్యగారు అని, ఆయన భార్యను అమ్మగారు అని పిలుస్తాము. ఆ పిలుపులో ప్రేమ ఉన్నది, మర్యాద ఉన్నది. పేరు మాత్రము లేదు. సావనీరు చివర "అమ్మగారి ఆధ్వర్యమున" అని వ్రాస్తే ఆ సంవత్సరమున అందరికి తెలుసు. ముప్పది ఏండ్ల తరువాత, ఆ పాస్టరేటులో పది కుటుంబములు మారిన తరువాత, ఆ అమ్మగారు ఎవరో చెప్పగలవారు ఉండరు. అచ్చులో పేరు పడని గౌరవము తరము దాటదు. ఇది ఇతరులపై మోపుచున్న నేరము కాదు, మన అందరి అలవాటు. నేడు సావనీరు వేయువారు ఒక్క పంక్తితో సరిదిద్దుకొనగలరు.

నిజాం రాజ్యములో ఇందూరు

కోస్తా జిల్లాల పత్రికల జాడ కొంతైనా మిగులుటకు ఒక చట్టము కారణము. 1867 నాటి ముద్రణాలయముల, పుస్తకముల నమోదు చట్టము ప్రకారము బ్రిటిష్ ఇండియాలో అచ్చయిన వాటి జాబితాలు ప్రభుత్వము తయారుచేసింది. ఒక ప్రతి పోయినా ఆ పేరు జాబితాలో నిలిచినది. నిజాం రాజ్యమునకు ఆ చట్టము వర్తించలేదు. నాటి ఇందూరు వాసులు చదివిన, వ్రాసిన వాటిని మద్రాసు జాబితాలలో వెదకుట వ్యర్థము. ఆ 1867 చట్టము స్థానములో 2023లో కొత్త చట్టము వచ్చింది, 2024 మార్చి నుండి అమలగుచున్నది. అయితే నమోదు చేయని సావనీర్లు, అంతర్గత పత్రికలు అప్పుడును ఇప్పుడును అధికారిక జాబితాలకు వెలుపలనే ఉన్నవి.

నిజాం పాలనలో రాజభాష ఉర్దూ. తెలుగు పత్రికలు అరుదు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను ప్రారంభించిన తరువాత తెలంగాణ తెలుగువారికి ఒక వేదిక ఏర్పడింది. ఆయన 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులకు చోటు దొరికింది, స్త్రీలు కూడా అందులో ఉన్నారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా వచ్చిన పుస్తకమది. లేరు అనబడిన వారిని పేరుపేరునా చేర్చి చూపుటయే ఆ జవాబు. స్త్రీ సంపాదకుల విషయములో కూడా అటువంటి సంచిక ఒకటి కావలసి ఉన్నది.

తెలుగు పరిశోధకులు చాలమంది మరచిపోయే సంగతి మరొకటి. హైదరాబాదులో స్త్రీ సంపాదకత్వము తెలుగు కంటె ఉర్దూలో ప్రస్ఫుటముగా కనబడుతుంది. సుగ్రా హుమాయూన్ మీర్జా 1919 ప్రాంతములో అన్నిసా అనే ఉర్దూ స్త్రీల పత్రికను హైదరాబాదు నుండి నడిపించారు. ఆమె నవలలు వ్రాశారు, సభలలో ప్రసంగించారు, బాలికల చదువు కొరకు పాటుపడ్డారు. నిజామాబాద్, బోధన్ పట్టణములలో ఉర్దూ చదివే కుటుంబములు నాడును నేడును గణనీయముగా ఉన్నవి. ఈ ప్రాంతపు స్త్రీలు ఏమి చదివారని అడిగినప్పుడు తెలుగు పుస్తకముల అలమార మాత్రమే తెరిస్తే సగము జవాబే దొరుకుతుంది. మన విద్యార్థులలో ఉర్దూ చదువగలవారు కొద్దిమందియైనా ఉంటే, ఈ పని వారికి అప్పగింపదగినది.

1937లో ఆరవ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ నిజామాబాద్‌లో జరిగింది. మందుముల నర్సింగరావు అధ్యక్షులు. దానితో పాటు జరిగిన ఆంధ్ర మహిళా సభకు రచయిత్రి నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించారు. ఈ మహిళా సభలు 1930లో జోగిపేటలో నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆరంభమైనవి. ఖమ్మములో ఎల్లాప్రగడ సీతాకుమారి, సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మ వంటివారు అధ్యక్షులైనారు. బాలికల విద్య, బాల్యవివాహములు, వితంతువుల స్థితి అక్కడ చర్చకు వచ్చినవి. సభలో చదివిన ఉపన్యాసము పత్రికలో అచ్చయితేనే ఊరు దాటేది. సభ, పత్రిక ఒకదానికొకటి ఆసరాగా నడిచిన కాలమది.

ఇదే పట్టణములో జరిగిన మరొక సంఘటనతో దీనిని పోల్చి చూడుదము. 1948లో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి ఇందూరు ఖిల్లా జైలులో నిర్బంధములో ఉన్నారు. దాశరథి బొగ్గుతో జైలు గోడపై పద్యము వ్రాసిన సంగతి నిజామాబాద్‌లో బడిపిల్లలు సైతము చెప్పగలరు. గోడపై బొగ్గు గీత కంటె క్షణికమైనది లేదు. అయినను అది నిలిచింది. చెప్పేవారు ఉన్నారు, మరల మరల చెప్పారు, పుస్తకములలోనికి ఎక్కించారు. అదే ఊరిలో పదునొకండు సంవత్సరముల ముందు ఒక స్త్రీ అధ్యక్షపీఠము నుండి చేసిన ప్రసంగమును బడిలో ఎవరైనా చెప్పుచున్నారా? దాశరథి కీర్తిని తగ్గించుట మా ఉద్దేశము కాదు. కాగితము కంటె గోడ ఎక్కువ కాలము నిలిచిన ఈ ఉదాహరణ, భద్రత అనేది వస్తువు గట్టితనము వలన కాక, దానిని చేపట్టినవారి వలన కలుగునని తెలుపుతుంది.

బోధన్ చెరకు ప్రాంతము

మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణము 1923లో మొదలై 1931లో పూర్తయినది. ఆ నీటి మీద చెరకు వచ్చింది. చెరకు మీద 1937–38 ప్రాంతములో నిజాం చక్కెర కర్మాగారము వచ్చింది. కర్మాగారము చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే వెలసినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకొన్న ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యములోనికి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటనతో యంత్రములు ఆగినవి.

పత్రికల చరిత్రకు దీనితో ఏమి సంబంధము? మూడు విధముల సంబంధమున్నది. కృష్ణా, గోదావరి ప్రాంతముల నుండి రైతు కుటుంబములు కాలువల క్రిందికి వచ్చి, బోధన్, వర్ని, కోటగిరి వైపు క్యాంపులుగా స్థిరపడినవి. స్త్రీల పత్రికలు పుట్టిన జిల్లాల నుండి వచ్చిన కుటుంబములవి. పాత హిందూ సుందరి గాని, గృహలక్ష్మి గాని ఈ ప్రాంతములో దొరికే అవకాశమున్న ఇండ్లలో ఆ క్యాంపుల ఇండ్లు మొదటివి. రెండవది, కర్మాగారపు క్వార్టర్లు. నెల జీతము, పోస్టాఫీసు, పాఠశాల, క్లబ్బు ఉన్న కాలనీలలో వార, మాస పత్రికల చందాలు సహజము. క్వార్టరు ఖాళీ చేసే కుటుంబము వంటపాత్రలు తీసుకొని పోవును, పత్రికల కట్టను పాత కాగితములవానికి తూకమునకు వేయును. పని పోయిన ఇంటిని ఈ విషయములో ఎవరును తప్పుపట్టలేరు. మూడవది ఎక్కువగా పట్టించుకొననిది. చెరకు నరికే స్త్రీలు, జిల్లా అంతటా బీడీలు చుట్టే స్త్రీలు పత్రికల చందాదారులు కారు. వారి మాట అచ్చులోనికి వచ్చినది చాల తక్కువ. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన మనకు తెలియని మన చరిత్ర, తెలంగాణ సాయుధ పోరాటములో పాల్గొన్న స్త్రీల మాటలను వారి నోటనే విని వ్రాసిన పుస్తకము. ఆ పద్ధతి మనకు దారి చూపుతుంది. పల్లె స్త్రీలు తామే విలేకరులై, తామే సంపాదకులై నడిపిన నవోదయము 2001లో చిత్తూరు జిల్లాలో ఆరంభమైనది. సంపాదకత్వము చదువుకొన్న ఇండ్ల సొత్తు కాదని అది చూపినది.

కాగితము, కుట్టు, అట్ట

ఇక ఆచరణకు వద్దాము. ఇరవయ్యవ శతాబ్ది తొలి భాగపు పత్రికలు చాల వరకు చౌక కాగితముపై అచ్చయినవి. చెక్కగుజ్జుతో చేసిన ఆ కాగితములో ఆమ్లము ఉంటుంది, అది లోలోపలి నుండి కాగితమును పసుపుపచ్చగా మార్చి పెళుసు చేస్తుంది. చెదలు, వెండిపురుగులు, తుప్పుపట్టిన పిన్నులు, నిజామాబాద్ ఎండలు తరువాతి శత్రువులు.

అయితే మేము ఎక్కువగా చెప్పదలచిన నష్టము పురుగు చేసినది కాదు, శ్రద్ధగలవారు చేసినది. సంవత్సరపు సంచికలను కలిపి బైండు చేయునప్పుడు అట్టలు, ప్రకటనల పుటలు తీసివేయుట పాత అలవాటు. కథలు, వ్యాసములు ఉంటే చాలునని వారి భావన. చాల పత్రికలలో సంపాదకురాలి పేరు, చిరునామా, చందా వెల, ముద్రణాలయము పేరు ఉండునది ఆ అట్ట మీదనే, లేదా చివరి పుట అడుగుననే. పత్రిక అంతా భద్రముగా ఉండి సంపాదకురాలు మాత్రము మాయమగుట ఇట్లు జరుగుతుంది. ప్రెస్ అకాడమీ, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వంటివి పాత పత్రికలను స్కాను చేసి గొప్ప మేలు చేశాయి. కాని బైండులో అట్ట లేకపోతే స్కానులో ఎక్కడి నుండి వచ్చును? వేటపాలెము సారస్వత నికేతనము, హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయము, సుందరయ్య విజ్ఞాన కేంద్రము వంటి చోట్ల ఉన్న ప్రతులతో పోల్చి, అట్ట ఉన్న విడి సంచిక ఎక్కడ దొరికినా దానిని వేరుగా గుర్తించవలెను. ఇంటిలో దొరికే చిరిగిన ఒంటరి సంచికకు గ్రంథాలయపు చక్కని బైండు కంటె విలువ ఎక్కువగా ఉండవచ్చును.

రాజుల రెండవ గ్రంథము 22వ అధ్యాయములో మందిరము బాగుచేయుచుండగా హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథము దొరికిన సంగతి మన చదువరులకు తెలిసినదే. ఆ గ్రంథమును గూర్చి విచారించుటకు రాజు పంపినవారు హుల్దా అను స్త్రీ యొద్దకు పోయిరి. మన కాలములో కూడా మరమ్మతు సమయమే ప్రమాదకరమైనది, అదే అవకాశము కూడా. పార్సనేజీ పైకప్పు మార్చునప్పుడు, పాత వెస్ట్రీ గది సున్నము వేయునప్పుడు, పెట్టెలు బయటికి వస్తాయి. మేస్త్రీ కంటె ముందు ఎవరైనా ఆ పెట్టె తెరిచి చూడవలెను. బాప్తిస్మపు రిజిస్టరును ఎవరును పారవేయరు, అది చట్టము అడిగే కాగితము. దాని క్రింద ఉన్న స్త్రీల మైత్రి మినిట్సు పుస్తకమును, సావనీరును అడిగే చట్టము లేదు.

దొరికిన దానిని ఏమి చేయవలెను? సెల్లోటేపు అంటించరాదు, లామినేషను చేయించరాదు. ఈ రెండును కాగితమును శాశ్వతముగా పాడుచేస్తాయి. పిన్నులు మెల్లగా తీసి, శుభ్రమైన తెల్ల కాగితములో చుట్టి, నేలకు తగలకుండ పెట్టెలో ఉంచవలెను. సెల్‌ఫోనుతో నీడలో, వెలుతురు సమముగా పడే చోట, అట్ట నుండి అట్ట వరకు ఖాళీ పుటలు కూడా విడువక ఫోటోలు తీయవలెను. అంచులలో చేతివ్రాత ఉంటే దానిని ప్రత్యేకముగా దగ్గరగా తీయవలెను. ఎవరి ఇంట, ఏ ఊరిలో, ఏ తేదీన దొరికినదో వ్రాసి ఉంచవలెను. ప్రతిని ఇంటివారి వద్దనే ఉంచి ప్రతిబింబము మాత్రమే తెచ్చుకొనుట మేలని మా సలహా. పరిశోధన పేరుతో తీసుకొని పోయిన పుస్తకములు తిరిగి రాలేదన్న ఫిర్యాదు పల్లెలలో వినని వారు లేరు.

హక్కుల ప్రశ్న కూడా తెలిసి ఉండవలెను. 1957 కాపీరైటు చట్టము ప్రకారము రచయిత మరణించిన తరువాత అరువది సంవత్సరముల వరకు హక్కు నిలుస్తుంది. పేరు లేక, లేదా మారుపేరుతో వచ్చిన రచనకు, అసలు రచయిత ఎవరో బయటపడనంత వరకు, ప్రచురణ నాటి నుండి అరువది సంవత్సరములు. చదువుకొనుటకు ఫోటో తీసి దాచుకొనుట ఒకటి, దానిని మరల అచ్చు వేయుట మరొకటి. అచ్చు వేయదలచినవారు కుటుంబము అనుమతి కోరుట చట్టమునకే కాక మర్యాదకు కూడా తగినది.

చివరగా విద్యార్థులకు ఒక మాట. బి.డి. సిద్ధాంత వ్యాసమునకు విషయము దొరకక తిరిగేవారు, ఒక్క పాస్టరేటు స్త్రీల మైత్రి ప్రచురణలను తీసుకొని సంవత్సరముల వారీగా పట్టిక వేయవచ్చును. ఇంటి దర్శనములకు వెళ్లినప్పుడు వృద్ధ స్త్రీలను "మీరు పత్రికలు చదివేవారా?" అని అడిగితే చాలమంది లేదనే చెబుతారు. "మీ ఇంటికి ఏ పుస్తకము పోస్టులో వచ్చేది, ఎవరు చదివి వినిపించేవారు, మీరు ఎప్పుడైనా దానికి ఉత్తరము వ్రాసినారా?" అని అడిగితే సంభాషణ వేరుగా నడుస్తుంది. జవాబు చెప్పిన ఆమె పేరును, భర్త పేరుతో కాక ఆమె పేరుతోనే, పుట ఆరంభమున వ్రాయవలెను.